ఎనిమిదిన్నర లక్షల ఆఫర్: ఒక టైల్స్ మేస్త్రీ ప్రమాద పరిహారం కేసు

ఫిబ్రవరి చివరి వారం. జాతీయ లోక్ అదాలత్‌కు ఇంకా పది రోజులుంది. ముందస్తు సిట్టింగులో బీమా కంపెనీ తరఫు స్టాండింగ్ కౌన్సిల్, అంటే ఆ కంపెనీ కేసులు చూసే అడ్వకేటు, ఒక చిన్న కాగితం మీద 8,50,000 అని రాసి నా వైపు జరిపారు. వడ్డీతో సహా, అన్నీ కలిపి, ఫైనల్. నా పక్కన కూర్చున్న క్లయింటు ఆ అంకె చదువుకుని, "మీరేమంటారు మేడం?" అన్నారు.

మోటారు ప్రమాదాల కేసులు చూసే ఏ అడ్వకేటుకైనా ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఈ కేసునే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నా జవాబు రెండుసార్లు మారింది. ఎందుకు మారిందో వివరంగా చెబితే, ఇలాంటి కాగితం ముందు కూర్చున్న మరో కుటుంబానికి పనికొస్తుందని నా ఆశ. క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్క వేసిన పద్ధతి మాత్రం అదే.

ఆయన వయసు ప్రమాదం నాటికి 34. టైల్స్ మేస్త్రీ. 2022 నవంబరులో పని ముగించుకుని బైక్ మీద ఇంటికి వస్తుంటే పక్కరోడ్డులోంచి మెయిన్ రోడ్డు మీదికి వచ్చిన కారు గుద్దింది. కుడి మోకాలి కింద ఎముక, సరిగ్గా కీలు దగ్గర చితికిపోయింది. టిబియల్ ప్లేటో ఫ్రాక్చర్ అంటారు దాన్ని. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. 11 రోజులు ఆసుపత్రిలో, ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో. పోలీసులు కారు డ్రైవరు మీద ఛార్జిషీట్ వేశారు. కారుకు ఇన్సూరెన్సు ఉంది, డ్రైవరుకు లైసెన్సు ఉంది. 2023 మార్చిలో మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో 20 లక్షలకు పిటిషన్ వేశాం. జులైలో మెడికల్ బోర్డు కుడి కాలికి 25 శాతం శాశ్వత వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది.

టైల్స్ వేసేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? రోజంతా గొంతుకూర్చునే ఉంటారు. అలా కూర్చునే జరుగుతూ, ఒక చేత్తో టైలు పట్టుకుని, ఇంకో చేత్తో తాపీ ఆడిస్తూ, లెవెల్ చూసుకుంటారు. గొంతుకూర్చోవాలంటే మోకాలు దాదాపు పూర్తిగా మడవాలి. ఈయన మోకాలు 85 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. కుర్చీలో కూర్చోగలరు, నడవగలరు, కాస్త కుంటుతూ మెట్లు ఎక్కగలరు. చేతికొచ్చిన పని మాత్రం చేయలేరు. కేసంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

మొదట్లో వచ్చిన ఆఫర్ల గురించి రెండు మాటలు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. బాధితుల పరిహారానికి సంబంధించిన భాగాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రమాదం సమాచారం అందాక బీమా కంపెనీ ఒక అధికారిని నియమించి, 30 రోజుల్లో ట్రిబ్యునల్ ముందు ఆఫర్ పెట్టాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఎముక విరిగినవాళ్లకు ఆ 30 రోజుల్లో ఏం తెలుస్తుంది? ఈ కేసులో కాలు ఇంకా వాచి ఉన్నప్పుడే 2,75,000 ఇస్తామన్నారు. ఎముక అతుకుతుందో లేదో, మోకాలు ఎంతవరకు మడుస్తుందో అప్పటికి డాక్టరుకే తెలియదు. దాన్ని తిరస్కరించడానికి పెద్దగా ఆలోచించలేదు. డిసెంబరు లోక్ అదాలత్‌లో ఆఫర్ 6,50,000కు పెరిగింది. దాన్నీ వద్దన్నాం. ఇప్పుడు 8,50,000.

ఆఫర్ చేతికి రాగానే నేను మొదట చేసే పని ఒకటే. "ఈ అంకె ఎలా వచ్చింది, లెక్క చూపించండి" అని అడుగుతాను. చాలామంది క్లయింట్లు, కొంతమంది జూనియర్లు కూడా, మొత్తం అంకె మీదే బేరమాడతారు. వాళ్లు ఎనిమిదిన్నర అంటే మనం పన్నెండు అనడం, చివరికి పది దగ్గర కలవడం. దాంతో ఎవరి మాట ఎక్కడ తప్పో ఎప్పటికీ తేలదు. ఈ కేసులో స్టాండింగ్ కౌన్సిల్ గారు పెద్దమనిషి, తమ వర్కింగ్ షీటు చూపించారు.

ఆ షీటు అర్థం కావాలంటే పరిహారం లెక్క ఎలా వేస్తారో తెలియాలి. సుప్రీంకోర్టు 2009లో సర్లా వర్మ కేసులో వయసును బట్టి గుణకాల పట్టిక, అంటే ఏడాది సంపాదనను ఎంతతో హెచ్చించాలో చెప్పే పట్టిక, ఇచ్చింది. 31 నుంచి 35 ఏళ్ల మధ్య ఉంటే 16. 35 దాటితే 15, 40 దాటితే 14, ఇలా తగ్గుతూ పోతుంది. సంపాదన భవిష్యత్తులో పెరిగేదే కాబట్టి దానికి కొంత శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది. స్వయం ఉపాధి మీద బతికేవాళ్లకు 40 ఏళ్ల లోపైతే 40 శాతం, 40 నుంచి 50 మధ్య 25 శాతం, 50 నుంచి 60 మధ్య 10 శాతం. ఆ తీర్పు మరణం కేసులో వచ్చింది కదా, గాయాల కేసులకు వర్తించదు కదా అని కంపెనీలు వాదించేవి. శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకూ ఆ పెంపు కలపాల్సిందేనని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. గాయపడిన మనిషి బతికే ఉన్నాడు కాబట్టి, చనిపోయినవాళ్ల కేసుల్లో లాగా సొంత ఖర్చుల కింద కోత కోయరు.

కంపెనీ షీటులో ఆదాయం నెలకు 12,000. దానికి 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. గుణకం 16తో హెచ్చిస్తే 32,25,600. మనిషి సంపాదన శక్తి మొత్తం పోయి ఉంటే వచ్చే అంకె అది. అందులో వాళ్లు 15 శాతం నష్టం అని వేశారు. అంటే 4,83,840. దానికి ఆసుపత్రి బిల్లులు 1,71,000, పని పోయిన ఎనిమిది నెలలకు 96,000, నొప్పి, బాధ, సహాయకుడి ఖర్చు, రవాణా, మంచి తిండి అన్నీ కలిపి లక్ష. మొత్తం 8,50,840. దాన్నే రౌండ్ చేసి ఎనిమిదిన్నర అన్నారు.

డిసెంబరు నాటి 6,50,000 ఎలా వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. అందులో ఆ 40 శాతం అసలు కలపలేదు. పని పోయిన కాలాన్ని ఆరు నెలలుగానే లెక్కవేశారు. ఇతర ఖర్చులకు 60,000 పెట్టారు. అంటే రెండు ఆఫర్ల మధ్య పెరిగిన రెండు లక్షల్లో ఎక్కువ భాగం చట్ట ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిందే. ఆ రోజు ఒప్పుకుని ఉంటే, చట్టం ఇచ్చిన హక్కును తగ్గింపు ధరకు అమ్ముకున్నట్టే అయ్యేది.

షీటు చూశాక అసలు తగాదా ఎక్కడుందో స్పష్టమైంది. నెల ఆదాయం 12,000 అన్నది నాకు అంత అన్యాయంగా అనిపించలేదు. ఆయన చెప్పేది నెలకు 16,000. చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టర్లు ఇచ్చేవారు. కొంత ఫోన్‌పేలో, కొంత చేతికి. బ్యాంకు స్టేట్‌మెంటులో అన్ని నెలలూ ఒకేలా లేవు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంది కానీ, అది వృత్తిని రుజువు చేస్తుంది తప్ప ఆదాయాన్ని కాదు. ట్రిబ్యునల్‌లో గట్టిగా నిలబడితే 13,000 వరకు రావచ్చని నా అంచనా. అంతా ఆ 15 శాతం దగ్గరే ఉంది. ఈ షీటు ప్రకారం ఒక్కో శాతం విలువ 32,256 రూపాయలు. ఆ ఒక్క అంకె మీదే మేం మాట్లాడాలి, దాని మీదే సాక్ష్యం సిద్ధం చేసుకోవాలి.

సర్టిఫికెట్‌లో 25 ఉంది కదా, మరి 15 ఎందుకు? ఇది అందరికీ వచ్చే సందేహమే. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు దీన్ని చాలా వివరంగా చెప్పింది. ఒక అవయవానికి ఉన్న వైకల్య శాతం వేరు, మొత్తం శరీరానికి ఎంత అనేది వేరు, ఆ మనిషి సంపాదన శక్తి ఎంత పోయిందనేది మరీ వేరు. ఆ తీర్పులోనే ఒక ఉదాహరణ ఉంది. ఎడమ చేయి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోవచ్చు. అదే ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. కాబట్టి కాలికి 25 అని రాసినంత మాత్రాన సంపాదనలో 25 అని ఎవరూ ఇవ్వరు. తక్కువా కావచ్చు, ఎక్కువా కావచ్చు. పనికీ గాయానికీ ఉన్న సంబంధాన్ని మనమే చూపించాలి.

టైల్స్ మేస్త్రీకి గొంతుకూర్చోలేని మోకాలు. నా దృష్టిలో ఇది డ్రైవరుకు చేయి పోవడం లాంటిదే. 40 శాతం వరకు అడగొచ్చనుకున్నాను. ఆ సాయంత్రం ఆఫీసులో మూడు లెక్కలు వేశాను. అన్నీ మాకు అనుకూలంగా తేలితే, అంటే ఆదాయం 16,000, నష్టం 40 శాతం అయితే, 23 లక్షలు. మధ్యస్థంగా 13,000, 25 శాతం, ప్లేటు తీయించే ఆపరేషన్‌కు 50,000 వేస్తే 13,18,600. అన్నీ ఎదురు తిరిగి 10,000, 15 శాతం అయితే 7,29,200. పిటిషన్ల విచారణలో నేను చూసినంతవరకు తీర్పులు మధ్య లెక్క చుట్టూనే వస్తాయి. పై అంకెను చూసి నిర్ణయం తీసుకోవడం, కింది అంకెను చూసి భయపడటం, రెండూ పొరపాటే.

అప్పుడు నా జవాబు "వద్దు" అనే. మధ్య లెక్క 13 లక్షల పైన ఉంటే ఎనిమిదిన్నరకు ఎందుకు ఒప్పుకోవాలి?

మర్నాడు ఆయనా, భార్యా, బావమరిదీ వచ్చారు. బావమరిదికి కోపంగా ఉంది. "ఇరవై లక్షలకు కేసేసి ఎనిమిదికి రాజీ ఏంటి మేడం?" అన్నాడు. పిటిషన్‌లో రాసే అంకె మనం అడిగేది మాత్రమే అని చెప్పాను. అది ఎక్కువ రాసినంత మాత్రాన ఎక్కువ రాదు. రుజువుంటే ట్రిబ్యునల్ అడిగినదానికన్నా ఎక్కువ కూడా ఇవ్వచ్చని 2002లోనే నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రుజువు లేకపోతే ఇరవై అన్న అంకెకు విలువే లేదు. ఆఫర్‌ను పిటిషన్ అంకెతో పోల్చుకోవడం వల్ల కుటుంబాలు ఎంత నష్టపోతాయో నేను చూశాను.

తర్వాత ఆయన భార్యను ఒక ప్రశ్న అడిగాను. "అప్పెంత ఉందమ్మా?"

ఆమె భర్త వైపు చూసి, తల దించుకుని చెప్పింది. రెండు లక్షల అరవై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీ.

ఈ ప్రశ్న చాలామంది అడ్వకేట్లు అడగరు, కేసుకు సంబంధం లేదనుకుంటారు. కానీ ఆఫర్ ఒప్పుకోవాలా వద్దా అన్నప్పుడు దీనికి మించిన ప్రశ్న లేదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు 7,800 వడ్డీకే పోతుంది. చట్టంలోని 171వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ పరిహారం మీద వడ్డీ ఇస్తుంది నిజమే. కానీ అది సాధారణ వడ్డీ, మా దగ్గర ఈ కేసుకు నేను 7.5 శాతం చొప్పున అంచనా వేసుకున్నాను. తీర్పుకు ఇంకా పదిహేను నెలలు పడుతుందనుకుంటే, ఆ కాలంలో అప్పు మీద పెరిగే వడ్డీయే 1,17,000. ఆ తర్వాత కంపెనీ 173వ సెక్షన్ కింద హైకోర్టుకు అప్పీలుకు వెళ్తే, స్టే ఇచ్చేటప్పుడు కొంత డబ్బు డిపాజిట్ చేయించినా, పూర్తి డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పిచ్చినవాడు ఆ ఏళ్లు ఆగడు.

ఇంకో ప్రమాదమూ ఉంది. ఆయన బైక్ లైసెన్సు ప్రమాదానికి నాలుగు నెలల ముందే ముగిసిపోయింది. రెన్యువల్ చేయించుకోలేదు. కంపెనీ దీన్ని పట్టుకుని ఆయన తప్పు కూడా ఉందని వాదిస్తోంది. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో భాగం ఉన్నట్టు కాదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ విషయంలో నాకు బెంగ లేదు. కానీ పోలీసుల రఫ్ స్కెచ్‌లో బైక్ రోడ్డు మధ్య గీతకు కాస్త అవతల పడినట్టు ఉంది. గుద్దినప్పుడు ఎగిరిపడి ఉండొచ్చు. అయినా ట్రిబ్యునల్ 10, 15 శాతం తప్పు ఈయన మీద కూడా వేసే అవకాశాన్ని కొట్టిపారేయలేను.

ఇవన్నీ కలిపి చూస్తే మధ్య లెక్క కరిగిపోవడం, దాంతో నా "వద్దు" మారడం మొదలైంది. 13,18,600కు తీర్పు నాటికి వడ్డీ కలిపితే సుమారు 15,40,000. అందులో 15 శాతం కోత పడితే 13,10,000 దాకా. అప్పు వడ్డీ తీసేస్తే దాదాపు 12 లక్షలు. అదీ పదిహేను నెలల తర్వాత, అప్పీలు లేకపోతే.

లెక్క ఇక్కడితో ఆపేసి "పది, పదకొండుకు బేరమాడదాం" అనేసే అడ్వకేట్లు ఉంటారు. నేను ఆపను. కారణం నా మరో కేసు. కొన్నేళ్ల కిందట తుంటి ఎముక విరిగిన ఒకావిడ తరఫున లోక్ అదాలత్‌లో రాజీ చేయించాను. అప్పటికి ఆమె నడుస్తోంది, నొప్పి తగ్గుతోందని చెప్పింది. కొత్త ఎక్స్-రే తీయించలేదు. ఎనిమిది నెలలకు తుంటి కీలు బంతికి రక్తప్రసరణ ఆగి ఎముక కుంగిపోయింది. కీలు మార్పిడి చేయాల్సి వచ్చింది. ఆమె కొడుకు నా ఆఫీసుకు వచ్చి, "ఇంకో కేసు వేయొచ్చా మేడం?" అని అడిగాడు. వేయలేం. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987లోని 21వ సెక్షన్ ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అదే ఆఖరు, అప్పీలు లేదు. రిట్ పిటిషన్ వేసి సవాలు చేయొచ్చని జలౌర్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు అన్నా, అది చాలా పరిమితమైన కారణాలకే. "నొప్పి ఇంత పెరుగుతుందని తెలియలేదు" అనేది ఆ కారణాల్లోకి రాదు. ఆ కుర్రాడు మెట్లు దిగి వెళ్లిపోతుంటే చూసిన రోజు నుంచి, శరీరం స్థిమితపడిందని డాక్టరు రాతపూర్వకంగా చెప్పకుండా ఏ రాజీ మీదా సంతకం పెట్టించలేదు.

కాబట్టి ఈయన్ను ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి మళ్లీ పంపాను. మూడు విషయాలు రాయించుకుని రమ్మన్నాను. ఎముక పూర్తిగా అతికిందా? మోకాలి కదలిక గత ఆరు నెలల్లో మారిందా? ఇకముందు ఏ ఆపరేషన్ కావచ్చు? డాక్టరు ఓపికగా రాసిచ్చారు. ఎముక అతికింది, ప్లేటు కదల్లేదు. 85 డిగ్రీల మడత ఆరు నెలలుగా అలాగే ఉంది, ఇక పెద్దగా పెరగదు. కీలు ఉపరితలం కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది, అరుగుదల తొలి దశలో ఉంది. ప్లేటు తీయించుకోవాల్సి రావచ్చు. చాలా ఏళ్ల తర్వాత మోకాలు మార్పిడి అవసరం పడొచ్చు, ఇప్పుడే చెప్పలేం.

ఈ ఆఖరి వాక్యం బాధ పెట్టేదే. కానీ "చాలా ఏళ్ల తర్వాత, చెప్పలేం" అన్నదానికి ట్రిబ్యునల్ కూడా పెద్దగా ఏమీ ఇవ్వదు. భవిష్యత్తు వైద్య ఖర్చుకు ఆధారం కావాలి. ప్లేటు తీయించడానికైతే ఆధారం ఉంది.

లోక్ అదాలత్‌కు మూడు రోజుల ముందు వాళ్లు మళ్లీ వచ్చారు. డాక్టరు కాగితం చదివి, ట్రిబ్యునల్‌లో సాక్ష్యం ఇస్తే క్రాస్, అంటే ఎదుటి అడ్వకేటు వేసే ప్రశ్నలు, ఎలా ఉంటుందో చెప్పి, మామూలుగా అడిగాను. "ఇప్పుడు రోజూ ఏం చేస్తున్నారు?"

ఆయన వెంటనే చెప్పలేదు. చివరికి చెప్పారు. నాలుగు నెలలుగా పాత కాంట్రాక్టరు దగ్గరే సూపర్‌వైజర్‌లా చూసుకుంటున్నారు. ఇద్దరు కుర్రాళ్లతో పని చేయిస్తారు, లెవెల్ చూస్తారు, మెటీరియల్ తెప్పిస్తారు. నెలకు 12,000 దాకా వస్తోంది. "చెబితే కేసు పోతుందని భయపడ్డాను మేడం. పని చేయడం లేదనే చెబుదామనుకున్నాను."

నాకు ఆయన మీద కోపం రాలేదు. రాకూడదు కూడా. ఇంట్లో పిల్లలున్న మనిషి కుంటుకుంటూ అయినా పనికి వెళ్లడం తప్పెలా అవుతుంది? కానీ బోనులో నిలబడి పని చేయడం లేదని చెప్పనివ్వను. అది ప్రమాణం మీద చెప్పే అబద్ధం. క్రాస్‌లో ఆ కాంట్రాక్టరు పేరు ఒక్కసారి బయటపడితే ఉన్నదంతా పోతుంది. ఆ మాటే చెప్పాను.

నా జవాబు రెండోసారి మారింది అక్కడే. 40 శాతం అన్న నా ఊహ నిలబడదు. అదే సమయంలో ఇంతకుముందు లేని ఒక గట్టి ఆధారం చేతికొచ్చింది. ముందు 16,000, ఇప్పుడు 12,000. నాలుగో వంతు పోయింది. ఊహ మీద 40 అడగడం కన్నా, జరిగిన నష్టం చూపించి 25 అడగడం నాకు బలంగా కనిపించింది. మేం దిగగలిగే చివరి మెట్టు పదిన్నర అని ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. దానికి ఒక్క రూపాయి తగ్గినా కేసు నడుపుతాం. అంకె ముందే రాసి పెట్టుకోకపోతే ఆ రోజు హడావుడిలో, ఎదుటివాళ్లు "ఇంకో పది వేలు" అంటుంటే, ఎక్కడ ఆగాలో తెలియదు.

ఈ కూర్చోవడంలోనే నా ఫీజు సంగతి కూడా చెప్పాను. వచ్చే డబ్బులో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం నిషిద్ధం. అయినా అడిగేవాళ్లున్నారు. ఫీజు రాజీతో ముడిపడి ఉంటే, త్వరగా రాజీ అయితే తనకే లాభం అన్నది అడ్వకేటు మాటలోకి తెలియకుండానే దూరుతుంది. నా ఫీజు రాజీ అయినా, తీర్పు వచ్చినా ఒకటేనని వాళ్లకు ముందే కాగితం మీద రాసిచ్చాను. సలహా తీసుకునేటప్పుడు ఈ ప్రశ్న అడగడానికి ఏ కుటుంబమూ మొహమాటపడకూడదు.

లోక్ అదాలత్ రోజు కోర్టు ఆవరణంతా జనం. మా నంబరు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. స్టాండింగ్ కౌన్సిల్ గారు సూటిగానే అడిగారు. "ఇప్పుడు ఏం చేస్తున్నాడు మీ క్లయింటు?" ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క టైలు కూడా వేయలేరు, వేసేవాళ్ల పక్కన నిలబడి చూసుకుంటారు. 16,000 వచ్చేచోట 12,000 వస్తోంది. కాంట్రాక్టరు సాక్ష్యం ఇస్తానన్నాడు. డాక్టరు కాగితం ఇదిగో. మీ షీటులోని మిగతా అంకెలన్నీ నేను ఒప్పుకుంటాను, 15ను మాత్రం 25 చేయండి.

కంపెనీ అధికారి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు. 20 శాతం అన్నారు. అంటే సుమారు పది లక్షల పన్నెండు వేలు. మా మెట్టు కన్నా తక్కువ. "అయితే కోర్టులోనే చూసుకుందాం" అని లేచాం. బెదిరించడానికి అన్న మాట కాదది, నిజంగానే లేచాం. లోక్ అదాలత్‌లో రాజీ కుదరకపోతే ఫైలు తిరిగి ట్రిబ్యునల్‌కు వెళ్తుంది, కేసు ఆగిన చోటి నుంచి నడుస్తుంది, మనకేమీ పోదు. ఎవరూ బలవంతపెట్టలేరు. ఈ సంగతి తెలియక, బెంచి మీద ఉన్నవాళ్లు చెప్పారు కదా అని తలూపేవాళ్లను ప్రతిసారీ చూస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి వాళ్లే పిలిచారు. 22 శాతం. 32,25,600లో అది 7,09,632. బిల్లులు, ఎనిమిది నెలల ఆదాయం, మిగతావి కలిపితే 10,76,632. పదికి డెబ్బై అయిదు వేలు కలిపి ఫైనల్ అన్నారు. నేను మాట్లాడలేదు. క్లయింటు వైపు చూశాను. ఆయన భార్య వైపు చూశారు. ఆమె "సరేనండి" అంది.

సంతకాలకు ముందు షరతులు రాయించడానికి ఇంకో అరగంట పట్టింది. 30 రోజుల్లో డబ్బు డిపాజిట్ చేయాలి, దాటితే ఆ రోజు నుంచి 9 శాతం వడ్డీ కట్టాలి. ఈ రెండో వాక్యం లేకుండా సంతకం పెట్టించను. మూడు లక్షలు ఆయన పేర మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్, మిగతాది నేరుగా బ్యాంకు ఖాతాలోకి. వచ్చిన డబ్బంతా ఒకేసారి చేతిలో పడితే అది ఎన్ని చేతులు మారుతుందో ట్రిబ్యునళ్లకు బాగా తెలుసు. సూసమ్మ థామస్ కేసులో 1993లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చినప్పటి నుంచి ఇలా కొంత డిపాజిట్‌లో ఉంచడం వస్తోంది. ఆయనకూ అది నచ్చింది. బెంచి మీదున్న జడ్జి గారు అవార్డు తెలుగులో చదివి వినిపించి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నారా, దీని మీద మళ్లీ అప్పీలు ఉండదని తెలుసా అని ఆయన్నే అడిగారు. తెలుసన్నారు.

ప్లేటు తీయించే ఖర్చు విడిగా ఎక్కడా రాలేదు. అది ఆ మొత్తంలోనే కలిసిపోయింది. ఇంకో లక్ష లాగగలిగేదాన్నా అన్న ప్రశ్న ఆ రాత్రి నన్ను వదల్లేదు. మూడు శాతం పెంచడానికి ఇంకా పదిహేను నెలలు, నెలకు 7,800 చొప్పున అప్పు వడ్డీ, బోనులో ఆ ప్రశ్నలు. మళ్లీ మళ్లీ లెక్క వేసుకున్నాను. ప్రతిసారీ అదే జవాబు వచ్చింది.

డబ్బు ఇరవై ఏడో రోజున జమ అయింది. ఖాతాలో పడగానే ముందు అప్పు తీర్చమన్నాను. ఊరికే డబ్బిచ్చి రావద్దు, ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకుని, ఆ నోటు చేతికి తీసుకునే రండి అని గట్టిగా చెప్పాను. వారం తర్వాత ఆయన ఆఫీసుకు వచ్చి ఆ నోటును నా టేబుల్ మీద పెట్టారు. వెనక చెల్లు రాసి, సంతకం, తేదీ ఉన్నాయి. ఒక జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకుని, అసలుది ఆయనకే తిరిగిచ్చాను.